నీడ కొలిచే విద్య

విక్టోరియా కాలపు వీడియో గేమ్ అనగానే చాలామంది పొగమంచు, పళ్లచక్రాలు, గోధుమరంగుతో సరిపెట్టేస్తారు. ఆ తేలికదారి తొక్కకుండా ఆధారాలు వెతికే చిత్రకారుల ఓపికను మెచ్చుకోవాలి. వస్తువు అలా ఎందుకుందో తేలేదాకా వాళ్లు వదలరు. నాటి ఫొటోలు నలుపుతెలుపు గనుక ఆ కాలమూ వెలిసిపోయినదే అనుకుంటాం. 1856లో పెర్కిన్ తయారుచేసిన కృత్రిమ ఊదారంగు ఒక్కటి చాలు, ఆ భ్రమ తొలగడానికి.

విక్టోరియా అంటే లండన్ కదా, మన దగ్గరేముంది అనవచ్చు. బెంగళూరుకు దగ్గర్లోని నందికొండ మీదే నాటి బ్రిటిష్ కమిషనర్ మార్క్ కబ్బన్ వేసవి బంగళా ఉంది. బెంగళూరు లాల్‌బాగ్‌లో 1889లో పునాది పడిన గాజుటిల్లు లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌ను తలపిస్తుంది. నాకు వీటికన్నా విలువైనది బెంగళూరు పాత బంగళాల ‘మంకీ టాప్’. కిటికీ మీద కోసుగా లేచి ముందుకు వాలే చెక్క గొడుగు అది. నగిషీ ఇంగ్లండు మోజు, వాలు మాత్రం మన ఎండవానల కోసం. అది గ్రహించినవాళ్లకే కిటికీ కింద నీడ ఎంత పడాలో తెలుస్తుంది.

పరాయి పాలన గుర్తులను ఇంతగా చూడాలా అన్న అభ్యంతరం న్యాయమైనదే. కానీ శ్రద్ధగా చూసే కన్ను దొర దగ్గర ఆగదు, ఆ చెక్కను చెక్కిన వడ్రంగి దాకా వెళ్తుంది. ఆ బంగళాలు ఒక్కొక్కటే నేలమట్టమవుతున్నాయి. మిగిలినవాటిని కొలతలతో సహా ఇప్పుడే గీసిపెట్టండి.