సొరంగ రైలుమార్గము: పడమటికా, ఉత్తరమునకా?

న్యూయార్కు నగరమున రెండవ అవెన్యూ క్రింద సొరంగ రైలుమార్గము వేయవలెనను సంకల్పము నూఱేండ్ల నాఁటిది. 1972లో త్రవ్వకము మొదలయ్యెను. ధనాభావముచే 1975లో నిలిచిపోయెను. తుదకు 2017 జనవరి 1వ తేదీన మూడు క్రొత్త స్టేషన్లతో తొలిభాగము తెఱవఁబడినది. రెండవభాగము తూర్పు హార్లెములోని 125వ వీథికి చేరవలసియున్నది. అటుపిమ్మట నెటు పోవలెను?

పడమటికి త్రిప్పి బ్రాడ్వేకు చేర్పవలెనని యొక పక్షము. ఉత్తర దక్షిణములుగాఁ బోవు నాలుగు మార్గములు 125వ వీథిని తాఁకుచున్నవి. ఒక్క యడ్డుమార్గముచే నవి యన్నియుఁ గలియును. త్రవ్వుయంత్రములు భూమిలో నుండఁగనే ముందునకు నడపిన వ్యయమును తగ్గునఁట. తొలిభాగమునకే సుమారు 445 కోట్ల డాలర్లు పట్టినవి గనుక నీ మాట త్రోసివేయఁదగినది కాదు. 2024లో రాష్ట్ర గవర్నరును ఈ పక్షమునే యామోదించిరి.

ఐనను ఈ వాదమున నొక లోపము గలదు. ఇది పటము మీఁది గీతలను లెక్కించినది, పాతబాకీని లెక్కింపలేదు. నది కావల బ్రాంక్సులో మూడవ అవెన్యూపై నడచుచుండిన వంతెన రైలును 1973లో నెత్తివేసిరి. 1929 నాఁటి ప్రణాళికలోను, 1968 నాఁటి ప్రణాళికలోను ఈ సొరంగము బ్రాంక్సునకుఁ బోవలసియుండెను. ఉన్న రైలు పోయినది, రావలసినది రాలేదు. ఆ వీథివారికి నేఁటికిని బస్సే దిక్కు.

అడ్డుమార్గమువలనఁ గలుగునది ఉన్న రైళ్లవారికి సౌకర్యము. ఉత్తరమార్గమువలనఁ గలుగునది లేనివారికి రైలు. ఈ తారతమ్యమును వ్యయపు లెక్కలు చెప్పవు. పడమటి పని ముందు జరిగిన జరుగుఁగాక; ఉత్తరశాఖకు వలయు త్రోవను మాత్రము మూసివేయరాదని మా మతము.