నల్లమల అంచున వేసవి ఆటపాటలు: చెక్కభజన, కోలాటాల విద్య

నల్లమల కొండలకు తూర్పున విస్తరించిన పొదిలి, మార్కాపురం, గిద్దలూరు ప్రాంతంలో సేద్యం ప్రధానంగా వానమీద ఆధారపడినది కావడం వల్ల, కంది ఇంటికి చేరి మిరప కోతలు ముగిసిన తరువాత, ఏరువాక సాగే జూన్ వరకు రైతుకూ కూలికీ పొలంలో పెద్దగా పని ఉండదు. పగటి ఎండ నలభై డిగ్రీలు దాటే ఆ నెలల్లో ఊరి సందడి అంతా పొద్దుగూకిన తరువాతికి మారుతుంది. శ్రీరామనవమి పందిళ్ళు, మార్కాపురం చెన్నకేశవస్వామి చైత్ర బ్రహ్మోత్సవాలు, ఊరూరి తిరునాళ్ళు ఈ కాలంలోనే వరుసగా వస్తాయి గనుక, రామాలయం ముంగిట రాత్రివేళ సాగే చెక్కభజన, కోలాటం, పండరి భజనలే ఈ కొండవార పల్లెలకు వేసవి సంగీత సభలు. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా పొదిలి నెల్లూరు జిల్లాలోను, మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలోను ఉండేవి. అందువల్ల రాయలసీమలో విరివిగా ఆడే చెక్కభజన, తెలుగునాట అంతటా ఉన్న కోలాటం, మహారాష్ట్రలోని పండరీపుర భక్తుల నుంచి వ్యాపించిన పండరి భజన ఇక్కడ ఒకే ముంగిట కలిశాయనడం సమంజసంగా ఉంటుంది.

కొండకూ పాటకూ ఇక్కడ ఉన్న బంధం పాతది. శ్రీశైలానికి తూర్పు ద్వారంగా పేరొందిన త్రిపురాంతకం ఈ ప్రాంతంలోనే ఉంది. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలోని పర్వత ప్రకరణంలో శివరాత్రికి శ్రీశైలం చేరే యాత్రికులను వర్ణిస్తూ, వారు పాడుకునే తుమ్మెద పదాలు, ప్రభాత పదాలు, వెన్నెల పదాలు, పర్వత పదాలు మొదలైనవాటిని పేర్కొన్నాడు. నడుస్తూ, ఆడుతూ, గుంపుగా పాడే ఆ పద్ధతికి నేటి భజన బృందాలు వారసులేనని చెప్పడానికి సాహసం అక్కరలేదు.

చెక్కభజనలో వాయిద్యం ఆటగాడి చేతిలోనే ఉంటుంది. ఒకవైపు చదునుగా, మరొకవైపు గుండ్రంగా చెక్కిన రెండు కొయ్యముక్కలను ఒక చేతిలో పట్టుకుంటారు. ఒకదాని ఉంగరంలో బొటనవేలు, రెండవదాని ఉంగరంలో మిగిలిన వేళ్ళు దూర్చి చదును ముఖాలను తాటించినప్పుడు, కొయ్య చప్పుడుతో పాటు చెక్కలకు తొడిగిన లోహపు బిళ్ళల గలగల కూడా వినిపిస్తుంది. ఆ దెబ్బ, కాలి గజ్జె, నోటి పాట మూడూ ఒకే మాత్రమీద పడాలి. వలయంలో ఒక్కరి అడుగు తప్పినా గజ్జెల మోత చెదిరి ఆ తప్పు అందరికీ వినబడుతుంది కాబట్టి, తాళజ్ఞానం ఇక్కడ చెవికంటే ముందు పాదానికి అబ్బుతుంది. గురువు చరణం అందిస్తే బృందం పల్లవిని వంతగా అందుకోవడంలో రెండు ప్రయోజనాలున్నాయి: వంగుతూ, ఎగురుతూ ఆడేవారికి ఊపిరి తీసుకునే వ్యవధి దొరుకుతుంది, అక్షరం రాని వారికి కూడా పాట నోటికి వస్తుంది.

కోలాటంలో లెక్క మరింత స్పష్టంగా కనిపిస్తుంది. ఎదురెదురుగా నిలిచే జంటను ఉద్ది అంటారు, ఒక పాటకు నిర్ణయించిన అడుగుల, కోలల దెబ్బల అమరికను కోపు అంటారు. ఎనిమిది జంటల వారు లోవలయంగా, వెలివలయంగా నిలిచి, లోపలివారు కదలకుండా వెలుపలివారు ప్రతి ఆవృత్తికీ ఒక్కొక్క స్థానం జరిగితే, ఎనిమిదో జరుగుడుకు ప్రతివారూ తమ మొదటి జోడీని తిరిగి కలుసుకుంటారు. జడకోలాటం ఈ విద్యకు పరాకాష్ఠ. పైనుంచి వేలాడదీసిన తాళ్ళను తలా ఒకటి పట్టుకుని, ఒకరి వెనుకగా, మరొకరి ముందుగా దూరుతూ ఆడుతుంటే పైన జడ అల్లుకుంటూ వస్తుంది. ఆ తరువాత అవే అడుగులను సరిగ్గా వెనుకనుంచి వేస్తే తప్ప జడ విడిపోదు. ఎక్కడ ఒక్కరు దారి తప్పినా అక్కడ ముడి పడుతుంది. పాట ఆపకుండా, తాళం తప్పకుండా ఇంతటి క్రమాన్ని తలకిందులుగా గుర్తుంచుకునే శక్తి పుస్తకం ముట్టని వారిలోనూ ఉందని ఈ ఆట నిరూపిస్తుంది. దీన్ని కేవలం కాలక్షేపమని తీసివేయడం అన్యాయం.

ఈ విద్య నేర్పే పద్ధతి కూడా గౌరవింపదగినది. ఊరివారు పొరుగూరి గురువును పిలిపించుకుని, వేసవి రాత్రుల్లో నేర్చుకుని, చివర గజ్జెపూజ చేసి నలుగురి ఎదుట మొదటిసారి ఆడతారు. ఈ సభలో నిన్నటి శ్రోత ఈనాటి ఆటగాడు కావచ్చు, టిక్కెట్టు కొని కూర్చునే కచేరీలో అది సాధ్యం కాదు. ఒకప్పుడు పురుషులే ఎక్కువగా కనిపించిన ఈ బృందాల్లో ఇప్పుడు స్త్రీలు, ముఖ్యంగా కోలాటంలో, ముందు నిలుస్తున్నారు. తిరుమల బ్రహ్మోత్సవాల్లో వాహనాల ముందు ఆడే కోలాట, భజన బృందాల్లో వారి సంఖ్యే అందుకు సాక్ష్యం.

అయితే తిరునాళ్ళ అంగళ్ళలో భజన పాటల పుస్తకాలు దొరుకుతాయి గాని, ఆ పాటలకు వేసే అడుగులు ఎక్కువగా గురువుల కాళ్ళలోనే ఉన్నాయి. పాటను మాత్రమే అచ్చువేస్తే సగం విద్యే మిగులుతుంది. ఊరి గురువు ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఒక్కొక్క కోపును, దాని పేరుతో, పాటతో, అడుగుల లెక్కతో సహా చరవాణిలోనైనా నెమ్మదిగా చిత్రీకరించి ఉంచడం ఈ పల్లెల యువత వెంటనే చేపట్టవలసిన పని. వేసవి సెలవుల్లో బడిపిల్లలను ఆ గురువుల వద్దకు పంపవలసిందిగా తల్లిదండ్రులకు విజ్ఞప్తి.