ఉడుకునీళ్ళతోనే జొన్నరొట్టె

బళ్ళారి పల్లెల్లో సాయంత్రం పూట రొట్టె తట్టే చప్పుడు ఇంకా వినిపిస్తుంది. పట్నానికి వచ్చి స్థిరపడిన ఇళ్ళలో మాత్రం ఆ పని చేతనైనవాళ్ళు తగ్గిపోతున్నారు. ఇష్టంతో పిండి తెచ్చుకుంటారు. చపాతీకి కలిపినట్టే చన్నీళ్ళు పోసి కలిపి, కాసేపు నానబెట్టి, కర్రతో వత్తుతారు. అంచులు బీటలిస్తాయి, ఎత్తబోతే రొట్టె చేతిలోనే విరుగుతుంది. పిండి బాగాలేదని పక్కన పెట్టేస్తారు. చాలాసార్లు పిండి బాగానే ఉంటుంది, గోధుమకు చేసే పని జొన్నకు చేయడంతోనే చిక్కు వస్తుంది.

గోధుమపిండిలో నీళ్ళు పడి చెయ్యి ఆడితే గ్లూటెన్ అల్లుకుని ముద్దకు సాగే గుణం వస్తుంది. నానితే ఇంకా మెత్తగా సాగుతుంది. జొన్నలో గ్లూటెన్ లేదు. జొన్నలో ఎక్కువగా ఉండే మాంసకృత్తు కాఫిరిన్‌కు అలా అల్లుకునే గుణం లేదు. అందుకే ముద్దకు పట్టు గంజి పదార్థం నుంచే రావాలి. అది సుమారు 70 డిగ్రీల సెల్సియస్ వేడి దగ్గర నీళ్ళు పీల్చుకుని ఉబ్బి జిగటగా మారుతుంది. థర్మామీటరు చూడని మన అవ్వలు ఎసరు తెర్లితే తప్ప పిండి ముట్టుకోకపోవడంలో ఇంత లెక్క ఉంది.

వెడల్పు పళ్ళెంలో పిండి పోసి, మధ్యలో గుంట చేసి, తెర్లే నీళ్ళు పోసి గరిటెతో తిప్పాలి. గ్లాసు పిండికి ముప్పావు గ్లాసు నీళ్ళతో మొదలుపెట్టవచ్చు. ఆపైన ఎంత పడుతుందో ఆ పిండే చెబుతుంది. చెయ్యి ఓర్చుకునే వేడికి రాగానే అరచేతి మొదలుతో నెట్టి నెట్టి పిసకాలి. ఈ పిసుకుడులో బద్ధకిస్తే తర్వాత ఎంత నేర్పు చూపినా రొట్టె నిలవదు. చిన్న ముద్ద తీసి అదిమి చూడండి. అంచు పగిలితే ఇంకొంచెం వేడినీళ్ళు చిలకరించి మళ్ళీ పిసకాలి. వేళ్ళకు అంటుకుని వదలకపోతే నీళ్ళు ఎక్కువైనట్టు, పొడిపిండి చల్లి సరిచేయాలి. నానబెట్టడం మాత్రం వద్దు, ఆరేకొద్దీ ముద్ద బిరుసెక్కుతుంది. అందుకే చేయి తిరిగినవాళ్ళు ఏ రొట్టె ముద్దను ఆ రొట్టెకు తట్టే ముందు మళ్ళీ పిసుకుతారు.

పొడిపిండి చల్లుకుంటూ తట్టిన రొట్టె పెనం మీద పడ్డాక పైన తడిగుడ్డతో నీళ్ళు అద్దాలి. పొడిపిండి తుడుచుకుపోతుంది, పైపొర బీటలివ్వదు. ఆ తడి పూర్తిగా ఆరకముందే తిప్పాలి. పెనం చాలినంత కాలకపోయినా, రొట్టె ఒకచోట మందంగా ఒకచోట పలచగా ఉన్నా పొంగదు.

ఇక గింజ సంగతి. నల్లరేగడిలో పండే హింగారి (రబీ) జొన్నకు పొడివాతావరణంలో కంకి ముదురుతుంది, గింజ తెల్లగా నిగనిగలాడుతుంది. ముంగారి (ఖరీఫ్) జొన్న కోతకొచ్చే వేళ వాన పట్టుకుంటే గింజ నల్లబడుతుంది, ఒక్కోసారి కంకి మీదే మొలకెత్తుతుంది. మొలకెత్తిన గింజలో గంజి పదార్థం విరిగిపోతుంది కాబట్టి ఆ పిండి ఎంత పిసికినా పట్టు నిలవదు. పాత పిండిదీ మరో తంటా. గింజ మొలక భాగంలోని నూనె పాడై చేదెక్కుతుంది. అందుకే గిర్నికి కొద్ది కొద్దిగా తీసుకెళ్ళి పట్టించుకోవడం ఇక్కడి అలవాటు.

ఈ రొట్టె రాష్ట్రాల సరిహద్దుకు లొంగలేదు. 1953 అక్టోబరు 1న బళ్ళారి జిల్లా చీలి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి, బళ్ళారి మైసూరుకు వెళ్ళింది. రొట్టె, గుత్తివంకాయ కూర, చెనిక్కాయల పొడి రెండు వైపులా ఉండిపోయాయి. ఆ తేదీకంటే మన కంచాన్ని ఎక్కువ మార్చింది తుంగభద్ర నీరు అని నా అభిప్రాయం. ఆనకట్ట కాలువలు పారాక సిరుగుప్ప, కంప్లి వైపు వరి పరుచుకుంది. పండగనాటి అన్నం రోజూ దొరికింది. అది సంతోషించాల్సిన మార్పే. దాని వెంట రొట్టె తట్టే చెయ్యి కూడా పోవాలని మాత్రం ఎక్కడా లేదు.

పట్టు కోసం గోధుమపిండి కలపమని చెప్పేవాళ్ళున్నారు. రొట్టె సులువుగా వస్తుంది, నిజమే. కానీ గ్లూటెన్ పడనివాళ్ళకు అది పనికిరాదు, జొన్న రుచి కూడా సగానికి దిగుతుంది. పైగా కలిపినంత కాలం జొన్నముద్ద పట్టు చేతికి తెలియదు. ఆ తెలివి ఉన్నవాళ్ళే పలచగా తట్టి, కటకటలాడేలా కాల్చి, రోజుల తరబడి నిలవుండే ఖడక్ రొట్టెలు చేయగలుగుతున్నారు. బళ్ళారిలో ఎంతోమంది ఆడవాళ్ళకు రొట్టెలు చేసి అమ్మడమే బతుకుతెరువు.

మీ ఇంట్లో రొట్టె తట్టే అవ్వ గానీ అత్త గానీ ఉంటే, ఈసారి హింగారి జొన్నలు రాగానే పక్కన కూర్చుని ముద్ద మీరే పిసకండి. ఎప్పుడు చాలో వాళ్ళనే చెప్పమనండి. ఎవరూ లేకపోతే కిలో జొన్నలు మాత్రమే పట్టించి, ఎసరు బాగా తెర్లనిచ్చి మొదలుపెట్టండి.