తెరమీది మ్యూజియం: చూపే పుట, చూపని పుట

చీమకుర్తి రాతిని గురించి పాఠకులకు కొత్తగా చెప్పవలసినది లేదు. నల్లని నేలపై బంగారు రవ్వలు చల్లినట్లుండే ఆ గ్రానైటు 'బ్లాక్ గెలాక్సీ' అనే పేరుతో దేశదేశాలకు పోతున్నది. ఎక్కడెక్కడి గచ్చులకో, వంటింటి బల్లలకో, సమాధి ఫలకాలకో అమరుతున్నది. రాతిని ఎరిగిన వ్యాపారి మాత్రం ఒక్క ఫోటో చూసి బేరం ముగించడు. బ్లాకు మీద నీళ్ళు చల్లించి రవ్వ ఎట్లున్నదో చూస్తాడు, సుత్తితో కొట్టించి చప్పుడు వింటాడు, లోపల పగులున్నదేమోనని చుట్టూ తిరిగి వెదకుతాడు. మ్యూజియములు తమ సంపదనంతా కంప్యూటరు తెరమీదికి ఎక్కిస్తున్న ఈ కాలంలో ఆ వ్యాపారికున్న జాగ్రత్త గ్రంథప్రియులకు కూడా అవసరమే.

హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియం ఇందుకు తగిన ఉదాహరణ. మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ 1949లో అవివాహితుడిగా మరణించారు. ఆయన సేకరించిన వస్తువులతో 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలో మ్యూజియం ప్రారంభమైనది. 1961లో పార్లమెంటు చట్టం ద్వారా జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా గుర్తింపు పొంది, 1968లో మూసీ ఒడ్డున ఉన్న నేటి భవనానికి తరలినది. కేంద్ర ప్రభుత్వపు సీ-డాక్ సంస్థ తయారుచేసిన 'జతన్' అనే సాఫ్ట్‌వేరు ద్వారా ఈ మ్యూజియం వస్తువులు, నాగార్జునకొండ మ్యూజియం వస్తువులు కూడా జాతీయ పోర్టల్‌లోకి చేరినవి. గూగుల్ సంస్థవారి కళా వేదికపైన కూడా సాలార్‌జంగ్ గదులు కనిపిస్తున్నవి. చీమకుర్తి క్వారీలో పని ముగించుకొని వచ్చిన యువకుడు రైలెక్కకుండానే, టిక్కెట్టు కొనకుండానే, ముసుగు రెబెక్కా పాలరాతి విగ్రహాన్ని తన ఫోనులో చూడగలుగుతున్నాడు. ఇది చిన్న మేలు కాదు. మ్యూజియం మెట్లెక్కడానికి జంకే బీదసాదలకు తెర జంకు పెట్టదు.

అయితే చూడటం వేరు, చదవటం వేరు. విగ్రహం విషయంలో ఈ తేడా అంతగా బాధించకపోవచ్చు. వ్రాతప్రతి దగ్గరకు వచ్చేసరికి ఇదే ప్రధాన ప్రశ్న అవుతుంది.

ప్రపంచంలోని మ్యూజియములు తెరమీద ఒక ఖుర్ఆన్ వ్రాతప్రతిని చూపేటప్పుడు సామాన్యంగా ఎంచుకొనే పుట మొదటిదే. బంగారు పూత, లాజవర్దు నీలం, లతలల్లిన సర్‌లౌహ్ కన్నులకు విందు చేస్తాయి. కాని వ్రాతప్రతి చరిత్ర అక్కడ ఉండదు. అది చివరి పుటలో, తర్ఖీమాలో ఉంటుంది: ఎవరు వ్రాశారు, ఏ ఊరిలో, హిజ్రీ ఏ సంవత్సరంలో, ఎవరి కోసం. లోపలి అట్ట పక్కన ఖాళీ పుటలో ముద్రలుంటాయి. మొగలుల గ్రంథాలయాలలో ప్రతిని తనిఖీ చేసినప్పుడల్లా గుమాస్తా వ్రాసిన 'అర్జ్ దీదా' మాటలుంటాయి. ఫలానా మస్జిదుకు, ఫలానా మద్రసాకు వక్ఫ్ చేయబడినదని, అమ్మరాదని వ్రాసిన వాక్యం ఉంటుంది. అటువంటి వాక్యం గల ప్రతి ఒక నవాబు బీరువాలోకి ఎట్లా చేరినదన్న ప్రశ్న కూడా ఆ పుటలోనే పుడుతుంది. అందమైన పుటను చూపి ఈ పుటను దాచితే, దాచాలన్న ఉద్దేశం ఎవరికీ లేకపోయినా, ప్రశ్న పుట్టకుండానే పోతుంది.

సాలార్‌జంగ్‌లో యాఖూత్ అల్-ముస్తఅసిమీ చేతివ్రాతగా పేర్కొనబడే ఖుర్ఆన్ ప్రతి ఒకటి ఉన్నది. జహాంగీర్, షాజహాన్, ఔరంగజేబుల సంతకాలు దానిపై ఉన్నవని ప్రసిద్ధి. యాఖూత్ చివరి అబ్బాసీ ఖలీఫా కాలపు లేఖకుడు, బగ్దాదు పతనాన్ని చూసినవాడు, 1298లో మరణించాడు. ఆయన ఖ్యాతి ఎంతటిదంటే తరువాతి తరాల లేఖకులు ఆయన శైలిని మాత్రమే కాక ఆయన సంతకాన్ని కూడా అనుకరించారు. అందుచేత లోకంలో యాఖూత్ పేరుతో ఉన్న ప్రతులలో ఎన్ని నిజంగా ఆయనవి అన్నది పండితుల మధ్య ఎడతెగని చర్చ. ఈ చర్చలో పాల్గొనదలచినవాడికి కాగితం పోగు, సిరా ఇంకిన తీరు, చెరిపి వ్రాసిన జాడ, ముద్రల కింద ముద్రలు కావాలి. తెర ఇవ్వగలిగినది కొంత, ఇవ్వలేనిది కొంత. ఇవ్వగలిగినది కూడా ఇవ్వకపోవడమే విమర్శించదగిన లోపం. ప్రతి పుటను, ఖాళీ పుటను సహా, కొలబద్ద పక్కన పెట్టి తీసిన ఫోటోలు, అట్ట వివరాలు, ముద్రల పాఠం జతచేస్తే వరంగల్ విద్యార్థి, ఇస్తాంబుల్ ఆచార్యుడు ఒకే ప్రతిపై వాదించుకోగలరు. పది అందమైన పుటలు పెట్టి ఊరుకుంటే అది క్యాలెండరు.

డిజిటల్ ఫోటో సక్రమంగా వాడితే ఏమి సాధించగలదో బర్మింగ్‌హామ్ పత్రాలు చూపించినవి. ఆ విశ్వవిద్యాలయంలో ఉన్న రెండు ఖుర్ఆన్ తోలు పత్రాలను కార్బన్ పరీక్ష చేయించి, ఆ తోలు క్రీ.శ. 568, 645 సంవత్సరాల మధ్యదని 2015లో ప్రకటించారు. పత్రికలు అంతటితో ఆగినవి. పరిశోధకులకు అంతకన్న విలువైన సంగతి మరొకటి: ఆ రెండు పత్రాలు, పారిస్ జాతీయ గ్రంథాలయంలో ఉన్న పదహారు పత్రాలు ఒకే ప్రతి నుండి విడిపోయినవి. సముద్రానికి ఇరుపక్కల చిక్కుకున్న ముక్కలను ఎవరూ కదిలించకుండానే తెరమీద పక్కపక్కన పెట్టి చదవడం సాధ్యమైనది. ఇక్కడ తెర మ్యూజియానికి నకలు కాదు. ఏ మ్యూజియమూ ఒంటరిగా చేయలేని పనిని చేసినది.

ఫోటో సాక్షిగా నిలబడిన సంఘటన ప్రకాశం ప్రాంతంలోనే జరిగినది. గుండ్లకమ్మ ఒడ్డున చందవరంలో 1970లలో పురావస్తు శాఖ త్రవ్వకాలు జరిపి బౌద్ధ స్తూపాన్ని వెలికితీసినది. అక్కడి శిల్ప ఫలకం ఒకటి దొంగల చేతులు మారి న్యూయార్కు చేరి, 2005లో ఆస్ట్రేలియా జాతీయ కళామందిరానికి అమ్ముడుపోయినది. అది అంతకుముందు భారతదేశంలోనే ఉన్నదని చూపే ఛాయాచిత్ర సాక్ష్యం లభించడంతో 2016లో ఆ దేశం ఫలకాన్ని భారతదేశానికి తిరిగి అప్పగించినది. దానిని తెచ్చినది ఆవేశపూరిత ఉపన్యాసం కాదు, ఎప్పుడో ఎవరో శ్రద్ధగా తీసిన ఒక ఫోటో. అమరావతి కథ కూడా ఇటువంటిదే. 1816 ప్రాంతంలో కాలిన్ మెకంజీ చిత్రకారుల చేత గీయించిన బొమ్మలలో కొన్ని శిల్పాలు ఇప్పుడు బొమ్మలుగానే మిగిలినవి. ఆ స్తూపపు రాళ్ళెన్నో సున్నపు బట్టీల పాలైనవి. పెన్సిలు చేసిన పనిని ఈనాడు కెమెరా చేస్తున్నది. పరికరం మారినది గాని, కొలత వేసి, తేదీ వ్రాసి, దొరికిన చోటు పేర్కొనే గుమాస్తా లేకపోతే రెండూ నిరుపయోగమే.

విజయవాడలోని బాపు మ్యూజియం 1887 నాటి విక్టోరియా జూబిలీ భవనంలో ఉన్నది. 2020 అక్టోబరులో దానిని పునరుద్ధరించి తెరిచినప్పుడు, వస్తువు ముందు ఫోను పట్టితే వివరాలు వినిపించే ఏర్పాటు చేశారు. ఉద్దేశం మంచిదే. సందర్శకుడు శిల్పం ముందు నిలబడి శిల్పాన్ని వదిలి ఫోనును చూస్తుంటే మాత్రం, అంతదూరం బస్సెక్కి వచ్చినది దేనికన్న సందేహం కలుగుతుంది.

ఇక భాష సంగతి. సాలార్‌జంగ్ అరబీ, ఫార్సీ వ్రాతప్రతులకు ముహమ్మద్ అష్రఫ్ ఆంగ్లంలో వివరణాత్మక సూచికలు తయారుచేశారు. ఉర్దూ ప్రతులకు నసీరుద్దీన్ హాష్మీ 1957లో ఉర్దూలోనే సూచిక వెలువరించారు. వీరి శ్రమ లేకపోతే నేటి తెరమీది జాబితాలకు ఆధారమే ఉండేది కాదు. తెలుగులో చదువుకొనే ముస్లిముకు ఈ తలుపులు రెండూ సగం మూసినవే. ఉర్దూ లిపి రాని తరం గుంటూరు, ప్రకాశం జిల్లాలలో పెరిగినది. యంత్రం క్షణంలో అనువదిస్తుంది కదా అని ఊరట పడనక్కరలేదు. ఆంగ్లంలో 'స్టాండర్డ్' అని వ్రాసిన అలమ్ యంత్రం చేతిలో 'ప్రమాణం' కావచ్చు, ఫర్మానుపై ఉన్న 'సీల్' సముద్ర జంతువు కావచ్చు. వ్రాతప్రతి 'లీఫ్' చెట్టు ఆకు అయితే మాత్రం క్షమించవచ్చు. తాటాకుల మీద చదువుకున్న భాషకు అది తప్పుగా తోచదు.

విచిత్రమేమంటే, ఈ వివరాలకు కావలసిన మాటలు తెలుగులో పుష్కలంగా ఉన్నవి. కాగితం, కలం, దస్తావేజు, ఫర్మానా, సనదు, ఇనాము, ఫసలీ, జమాబందీ, కిస్తు, రసీదు వంటివి పత్తి, మిరప పండించే రైతు నోట తరతరాలుగా నలిగిన మాటలు. అందులో ఎక్కువ భాగం ఫార్సీ, అరబీల నుండి పరగణా కచేరీల గుండా వచ్చినవే. ఔరంగజేబు కాలపు ఇనాము సనదును ఆ రైతుకు చూపి 'భూదాన ఆజ్ఞాపత్రము' అని వ్రాయడం కన్న 'ఇనాము సనదు' అని వ్రాస్తే తక్షణం గ్రహిస్తాడు. అనువాదకుడు సంస్కృత నిఘంటువు తెరవకముందు గ్రామ కరణం లెక్కలు తెరవడం మేలు. తెలంగాణ పురాలేఖ సంస్థ తన ఫార్సీ, ఉర్దూ పత్రాలను డిజిటల్ చేయించడానికి 2022లో నూర్ అంతర్జాతీయ మైక్రోఫిల్మ్ కేంద్రంతో ఒప్పందం చేసుకున్నది. ఆ పత్రాలకు తెలుగు వివరణ కూడా జతపడితే, తమ ఊరి పేరు అందులో ఉన్నదని తెలుసుకొనే చదువరులు వేలల్లో ఉంటారు.

తెర మీద ఖుర్ఆన్‌ను తాకడానికి వుజూ కావాలా అన్న ప్రశ్న సమకాలీన ఫిఖ్హ్ పండితుల ముందుకు వచ్చినది. ఫోను ముస్‌హఫ్ కాదని వారిలో పలువురు చెప్పారు. ప్రతికి, దాని ప్రతిబింబానికి మధ్య గీత ఎక్కడ గీయాలో మ్యూజియం అధికారుల కన్న ముందే ఆలోచించినవారు వీరు. ఆ వివేచనను గ్రంథాలయ రంగంలోకి తీసుకొని రావడానికి మద్రసా పట్టభద్రులు ఎవరూ పూనుకోకపోవడం విచారకరం.

అన్నింటికన్న పెద్ద లోపం మరొకటి. డిజిటల్ మ్యూజియం ఉన్న మ్యూజియానికే అద్దం పడుతుంది. అందులో నవాబుగారి జేడు పిడిబాకులు ఉన్నవి, గడియారాలు ఉన్నవి. ఈ పత్తి నేలల మీద ఊరూరా తిరిగి పరుపులకు, బొంతలకు దూది ఏకిన నూర్‌బాషా కుటుంబాల విల్లు ఎక్కడ? దూదేకులవారి మాతృభాష తెలుగు. వారి పనిముట్టు నుండి తెలుగుకు నుడికారమే వచ్చినది. విమర్శకుడు ఒక పుస్తకాన్ని 'ఏకిపారేశాడు' అంటే, ఆ మాట వెనుక వేలాడదీసిన విల్లు, నారి మీద కొయ్య దెబ్బ, గదినిండా ఎగిరే దూది ఉన్నవి. యంత్రాలు వచ్చి ఆ పని తగ్గిపోయినది. విల్లు దొరికి గాజుపెట్టెలో పెట్టినా అది మూగ వస్తువే. దాని టంకారాన్ని, ఏకేవాడి భుజం కదలికను, ఒక్కొక్క భాగానికి ఆ ఇంట వాడే పేరును పట్టి ఉంచగలిగినది ఈ డిజిటల్ పరికరమే. పాత మ్యూజియానికి నకలు తీసినప్పటి కన్న, పాత మ్యూజియం వదిలేసినదాన్ని పట్టుకున్నప్పుడు దీని సత్తా తెలుస్తుంది. ఇందుకు పెద్ద నిధులు కూడా అక్కరలేదు. ఫోను, ఓపిక, పెద్దవారి వద్ద మర్యాదగా కూర్చొని వినే గుణం ఉంటే చాలు.

ఇదే మాట ఇళ్ళల్లోని పెట్టెలకు వర్తిస్తుంది. పాత నికాహ్‌నామాలు, ఖబ్రస్తానుకు ఇచ్చిన ఇనాము కాగితాలు, మస్జిదు వక్ఫ్ పత్రాలు గ్రామాలలో ముతవల్లీల వద్ద మూటలు కట్టి ఉండటం మామూలే. వీటిని స్కాను చేయడం నిన్నటిదాకా అభిరుచి విషయం. 2025 వక్ఫ్ సవరణ చట్టం తరువాత, కేంద్ర ప్రభుత్వం అదే సంవత్సరం జూన్ 6న 'ఉమీద్' పోర్టల్‌ను ప్రారంభించి, నమోదైన వక్ఫ్ ఆస్తుల వివరాలను ఆరు నెలల్లో ఎక్కించాలని గడువు పెట్టినది. చట్టం మంచిచెడ్డలపై వాదోపవాదాలు వేరు. ఫార్సీలోనో షికస్తా ఉర్దూలోనో ఉన్న కాగితాన్ని చదివి, అందులోని హద్దులను తెలుగులో చెప్పగల మనిషి ఎన్ని ఊళ్ళలో ఉన్నాడన్నది అప్పటి ప్రశ్న, ఇప్పటికీ అదే ప్రశ్న. స్కాను చేసేవాడు కాగితం ముందువైపును మాత్రమే తీసి, రిజిస్ట్రారు ముద్ర, సాక్షుల పేర్లు, పక్క పొలం యజమాని వేలిముద్ర ఉన్న వెనుకవైపును వదిలేస్తే, అక్కడ పోయేది అందమైన పుట కాదు. రెండెకరాల ఖబ్రస్తాను ఉత్తరపు హద్దు.