బాపిరాజుకి నిలకడ లేదా?

ఎవరినైనా పొగిడేసి, చదవకుండా పక్కన పెట్టెయ్యడానికి తెలుగులో ఒక మంచి మాట ఉంది: బహుముఖ ప్రజ్ఞాశాలి. అడివి బాపిరాజుకి అది ఇంటిపేరులా అతుక్కుపోయింది. జయంతికో వర్ధంతికో వచ్చే వ్యాసాల్లో వరస ఎప్పుడూ ఒకటే. కవి, నవలాకారుడు, చిత్రకారుడు, సంపాదకుడు, కళాదర్శకుడు. కామాలు పెట్టుకుంటూ పోతారు. ఒక పని ఇంకోదానికి ఏమిచ్చింది, దాన్నుంచి ఏం లాక్కుంది అని అడిగేవాళ్ళు తక్కువ.

ఆ జీవితాన్నే ఒక రెజ్యూమెగా రాసి చూడండి. 1895లో పుట్టుక. రాజమండ్రి కాలేజీలో ఆస్వాల్డ్ కూల్డ్రే శిష్యరికం. సహాయ నిరాకరణ ఉద్యమంలో జైలు. బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోదకుమార్ చటర్జీ దగ్గర చిత్రకళ. మద్రాసులో లా, తర్వాత కొన్నాళ్ళు ప్లీడరీ. మళ్ళీ అదే జాతీయ కళాశాలకి ప్రిన్సిపాలు. సినిమాలకి కళాదర్శకత్వం. హైదరాబాదులో మీజాన్ దినపత్రికకి సంపాదకత్వం. వీటి మధ్య నవలలు, కథలు, పాటలు. 1952లో మరణం. ఇవాళ ఏ ఇంటర్వ్యూలోనైనా ఈ కాగితం పెడితే అవతలి మనిషి అడిగే మొదటి ప్రశ్న మనందరికీ తెలుసు: "ఎక్కడా కుదురుగా ఉన్నట్టు లేరేంటండీ?"

ఆ ప్రశ్నకి జవాబు ఆయన నవలల్లోనే వెతకాలి. 'హిమబిందు' చూడండి. శాతవాహనుల కాలం నాటి కథ. చారిత్రక నవల అనగానే సింహాసనం, యుద్ధం గుర్తొస్తాయి. ఇందులో అవీ ఉన్నాయి గానీ, మనసుపెట్టి రాసిన మనిషి మాత్రం ఒక శిల్పి, సువర్ణశ్రీ. రాయి ముందు నిలబడ్డవాడు దాన్ని ఎలా చూస్తాడో, అందం కళ్ళబడినప్పుడు అతని చేతికి ఏమవుతుందో బాపిరాజు బయటినుంచి ఊహించి రాసినట్టు ఉండదు. గురువు దగ్గర కూర్చుని గీత నేర్చుకున్నవాడు రాసినట్టు ఉంటుంది. బందరులో గడిచిన ఆ రోజులు నవలాకారుడికి వృథా పోలేదు.

అలాగని అన్నీ లాభాలే అనను. కథ పరిగెత్తాల్సిన చోట ఆయన ఆగిపోతాడు. నగలు, పట్టుబట్టలు, సాయంత్రపు రంగులు అన్నీ చెప్తే గానీ కదలడు. చిత్రకారుడు నవలాకారుడి చెయ్యి పట్టుకుని లాగుతున్నాడనిపిస్తుంది. 1934లో ఆంధ్ర విశ్వవిద్యాలయం నవలల పోటీలో 'నారాయణరావు', విశ్వనాథ 'వేయిపడగలు' బహుమతిని పంచుకున్నాయి. రెండూ పక్కపక్కన పెట్టి చదివితే తేడా తెలుస్తుంది. 'వేయిపడగలు'తో మనం ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా ఆ పుస్తకానికి ఒకే పట్టుదల ఉంది, మొదట్నుంచి చివరిదాకా అదే బరువు. 'నారాయణరావు'కి ఆ బిగువు లేదు. సంగీతం, బొమ్మలు, దేశోద్యమం, స్నేహాలు, పెళ్ళి, అన్నిటి మీదా ప్రేమే. చాలా దారులు తొక్కినందుకు రచయిత చెల్లించిన ధర ఇది. పొగడ్త వ్యాసాలు దీన్ని దాచేస్తాయి.

దాచేసేది ఇంకోటి కూడా ఉంది. నారాయణరావు లా చదువుతాడు, పాడతాడు, బొమ్మలేస్తాడు, రైల్లో పరిచయమైన జమీందారుకి మొదటి చూపులోనే నచ్చేస్తాడు. అతని చుట్టూ ఉన్న ఆ వెలుగుకి కారణం ఒక్క ప్రతిభే కాదు. కొత్తపేటలో తండ్రికి ఆస్తి ఉంది, చదువు ఉంది, కులం ఉంది. తప్పు దారి పట్టినా వెనక్కి రావడానికి ఇల్లుంది. నవల ఈ సంగతి చెప్తుంది గానీ దాని గురించి ఆలోచించదు. పొద్దున ఆటో నడిపి, మధ్యాహ్నం డెలివరీ చేసి, రాత్రి వాచ్‌మన్‌గా కూర్చునేవాడిని మనమెవరం బహుముఖ ప్రజ్ఞాశాలి అనం. పాపం, స్థిరమైన పని దొరకలేదంటాం. పనులు మార్చడం ఒకరికి ప్రజ్ఞ, ఇంకొకరికి గతి. ఈ తేడా గుర్తు పెట్టుకోకుండా "మీ మనసు చెప్పినట్టు నడవండి" అని చెప్పేవాళ్ళని నేను నమ్మను.

అయినా బాపిరాజు దగ్గర నేర్చుకోవాల్సింది మిగిలే ఉంది. ఆయన అన్నీ రుచి చూసి వదిలేసిన మనిషి కాదు. చిత్రకళ గురువు దగ్గర కుదురుగా నేర్చుకున్నాడు. ప్లీడరీ వదిలేశాడు, బొమ్మ మాత్రం వదల్లేదు. నవల రాసినా, సినిమాకి సెట్టు ఊహించినా చూసే కన్ను అదే. నిలకడ అంటే ఒకే కుర్చీలో కూర్చోవడం అనుకుంటే ఆయనకి లేదు. ఒక చూపుని ఏళ్ళ తరబడి, కుర్చీలు మారినా పోగొట్టుకోకపోవడం అనుకుంటే, ఉంది.

'రుద్రమదేవి' సినిమాలో అల్లు అర్జున్‌ని చూసి 'గోన గన్నారెడ్డి' కొనుక్కున్నవాళ్ళుంటారు. వాళ్ళకి నా సలహా, తర్వాత 'హిమబిందు' తియ్యండి. వర్ణనల దగ్గర విసుగొస్తే రెండు పేజీలు తిప్పెయ్యండి, తప్పేం లేదు. సువర్ణశ్రీ వచ్చిన చోట మాత్రం నెమ్మదిగా చదవండి.