కాటిసీను పద్యంలో దుఃఖం

‘సత్య హరిశ్చంద్ర’ నాటకంలో శ్మశాన ఘట్టమైన కాటిసీను మొదలయ్యేసరికి అర్ధరాత్రి దాటుతుంది. అప్పటిదాకా కునికిపాట్లు పడుతున్నవాళ్లు కూడా హార్మోనియం శ్రుతి వినబడగానే సర్దుకుని కూర్చుంటారు. పల్నాడు జిల్లాలో నకరికల్లు, నరసరావుపేట, వినుకొండ వైపు పల్లెల్లో ఈ నాటకం చూడబోయేవాళ్లు ముఖ్యంగా ఎదురుచూసేది ఈ ఘట్టం కోసమే. కథ పిల్లలకు కూడా తెలుసు. అయినా కళ్లు తుడుచుకుంటారు.

నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతకవిది, 1912 నాటిది. కాశీలో కాటి యజమాని వీరబాహుడికి అమ్ముడుపోయిన రాజు హరిశ్చంద్రుడు కాటికాపరిగా ఉంటాడు. పాము కరిచి చనిపోయిన కొడుకు లోహితాస్యుణ్ణి అతని భార్య చంద్రమతి అక్కడికే మోసుకొస్తుంది. చీకట్లో ఒకరినొకరు పోల్చుకోలేరు. అతను కాటిసుంకం అడుగుతాడు. ఆమె దగ్గర చిల్లిగవ్వ లేదు. మెడలో తాళి ఉంది కదా అంటాడతను. ఆ తాళి కట్టినవాడికి తప్ప ఎవరికీ కనబడదు!

బిడ్డ శవం ఎదుటే ఉన్నా సుంకం వదులుకునే హక్కు అతనికి లేదు. గుండె పగిలిన తండ్రి, యజమాని సొమ్ముకు కాపలాదారు, ఇద్దరూ ఒకే మనిషి. ఘట్టానికి బలమంతా ఈ ఇరకాటంలోనే ఉంది.

పద్యం కూడా అలాంటి కట్టడిలోనే నడుస్తుంది. ఉత్పలమాలలో పాదానికి 20 అక్షరాలు, చంపకమాలలో 21. యతి, ప్రాస తప్పడానికి వీల్లేదు. పొలికేక పెట్టాల్సిన చోట నటుడు గణాల వెంట నడవాలి. నాలుగో పాదం ముగిశాక మాత్రం రాగానికి పగ్గాలు వదులుతాడు. అంతసేపు అణచుకున్న ఏడుపు ఆ ఆలాపనలో బయటపడుతుంది. జనం ‘వన్స్ మోర్’ అనేది అక్కడే.

ఈ సీనుకు పల్నాడు ఇచ్చినది ఇంకొకటుంది. 1895లో వినుకొండలో పుట్టిన గుర్రం జాషువా ‘శ్మశానవాటి’ పద్యాలను నటులు కాటిసీనులోకి తెచ్చుకున్నారు. కవి కలం, ఇల్లాలి నల్లపూసలు, రాజు అధికారం, అన్నీ బూడిదలో కలిసే చోటు అది. అంటరానితనానికి అక్కడ తావు లేదంటాడు జాషువా. ఆ అవమానం స్వయంగా అనుభవించిన కవి మాట ఒకప్పటి చక్రవర్తి నోట పలుకుతుంటే, హరిశ్చంద్రుడి సొంత శోకం వింటున్న అందరిదీ అవుతుంది. రంగస్థల నటుడు డి.వి. సుబ్బారావు గొంతులో ఆ పద్యాలు చదువురాని ఇళ్లకూ చేరాయి.

శోకాన్ని ఇలా తాళిలాంటి వస్తువుల మీదుగా చెప్పడం ఇతర దేశాల పాటల్లోనూ ఉంది. అర్జెంటీనా నగరం బ్యూనస్ ఎయిర్స్ టాంగో పాటల్లో, 1917లో గాయకుడు కార్లోస్ గార్డెల్ రికార్డు చేసిన ‘మి నోచె త్రిస్తె’లో, ప్రియురాలు వదిలిపోయినవాడు తన గదిని చూపిస్తాడు. పాస్కువల్ కోంతుర్సి రాసిన ఆ మాటల్లో అద్దం, దీపం, ఎవరూ వాయించని గిటారు అతని బదులు బాధపడతాయి. అక్కడ గిటారు చేసే పని కాటిసీనులో తాళి చేస్తుంది. కాకపోతే అక్కడి మనిషి ఏడవడానికి అడ్డేమీ లేదు. హరిశ్చంద్రుడికి ఉంది.

అందుకే రాగం మాటను మింగేస్తే కాటిసీను చెడుతుంది. గొంతు బాగుందని రెండో పాదంలోనే సాగదీస్తే సుంకం సంగతి జనానికి అందదు, తండ్రి నలుగుబాటు తెలియదు. ఇప్పుడు నేర్చుకుంటున్న కుర్రవాళ్లు హార్మోనియం ముందు కూర్చోకముందే పద్యాన్ని వచనంలా చదివి, ఎక్కడ విరవాలో, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో తేల్చుకోవాలి. రాగం ఆ తర్వాత.