అర్జీ రాసే చేయి

సోమవారం, అర్జీలు తీసుకునే ప్రజావాణి రోజు. కలెక్టరేట్ గేటు బయట చెట్టు నీడన చిన్న బల్ల, తెల్లకాగితాల కట్ట. అర్జీ రాసే పెద్దాయన ముందు వింటాడు. వచ్చినామె నీళ్ల ట్యాంకుతో మొదలుపెట్టి, పింఛను మీదుగా, పట్నంలో ఉన్న కొడుకు దాకా వెళ్తుంది. ఆయన ఆపడు. అంతా అయ్యాక, "అమ్మా, ఇయ్యాల నీళ్ల సంగతే రాద్దాం" అంటాడు. ఒక కాగితానికి ఒకే సమస్య. అలా వినడానికే నేను ముందు దండం పెడతాను.

ఎవరికి రాయాలో తెలియడం సగం పని. వీధి దీపమైతే సర్పంచికి, వాగు మీద వంతెనైతే ఎమ్మెల్యేకి. కమ్యూనిటీ హాలైతే ఎంపీకి రాయొచ్చు. ఏటా 5 కోట్ల రూపాయల నియోజకవర్గ నిధి నుంచి పనులు సిఫారసు చేసే వీలు ఎంపీలకుంది. ‘విషయం’ దగ్గర ఒక్క వాక్యం. కింద ఊరు, మండలం, బోరు ఎండిన తేదీ, ఇళ్ల లెక్క. ‘ఘోరం’, ‘దుర్భరం’ ఆయన రాయడు. బిందెతో ఎన్ని కిలోమీటర్లు నడుస్తున్నారో రాస్తాడు. పాత అర్జీ రశీదు నకలు జతచేస్తాడు.

రాసింది పైకి చదువుతాడు. ఆమె తలూపాకే వేలిముద్రకు స్టాంపు ప్యాడు మూత తీస్తాడు.

"రశీదు అడిగి తీసుకో తల్లీ."